చివరి పాఠం ఎవరు వినాలి

నాకు అసూయ ఎక్కువ. చిన్నప్పటి నుంచీ ఉంది. పక్కింటి పిల్లకి కొత్త రిబ్బన్లు కొంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. పెద్దయ్యాక తగ్గిందనుకున్నాను. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక జావా ఆవిడ నా కూతురికి అరబీ చదువు చెప్పడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు, తగ్గలేదని, ఇన్నాళ్లూ దానికి తగ్గ పని దొరకలేదంతేనని.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాది నూర్‌బాషా కుటుంబం. ఒంగోలు దగ్గర చిన్న ఊరు. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో ఉర్దూ అన్నది లేదు. తిట్టినా, దువా చేసినా తెలుగే. అందుకని ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లు మమ్మల్ని సగం ముస్లింల కింద జమకట్టేవారు. టెక్సాస్ వచ్చాక ఆ గోల ఉండదనుకున్నాను. ఇక్కడ మొదటి ఈద్ రోజునే మసీదు కమిటీ పెద్దాయన భార్య, అందరం ఆంటీ అని పిలిచే హైదరాబాద్ ఆవిడ, నేను మా ఆయనతో తెలుగులో మాట్లాడటం విని, "మీరు పెళ్లి కోసం కన్వర్ట్ అయ్యారా బేటా?" అని ఎంతో ప్రేమగా అడిగింది. మా వంశంలో ఎన్ని తరాలవాళ్లు నమాజు చదివారో లెక్క చెప్పగలిగితే అప్పుడే చెప్పేదాన్ని. చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

అందుకే ఆదివారం బడి నాకు ప్రాణం. మా మసీదు ఒక స్ట్రిప్ మాల్‌లో, డెంటల్ క్లినిక్ పక్కన అద్దె హాలు. ఆదివారం పొద్దున అక్కడ చిన్నపిల్లలకు నేను అరబీ అక్షరాలు నేర్పుతాను. జీతం ఏమీ లేదు. కానీ ఆ రెండు గంటలు నేను టీచర్ ఆంటీని. ఉర్దూ ఇళ్ల తల్లులు కూడా తమ పిల్లల్ని నా ముందు కూర్చోబెట్టి, సలాం చెప్పి మరీ వెళతారు. వారం మొత్తం మీద నాకు కాస్త తల ఎత్తుకున్నట్టు ఉండేది అప్పుడే.

నా కూతురికి అలిఫ్ దిద్దించింది కూడా నేనే. దానికప్పుడు నాలుగేళ్లు. వంటింటి కౌంటర్ మీద కూర్చోబెట్టి, వేలు పట్టుకుని, పరిచిన గోధుమపిండిలో రాయించాను. పవిత్ర గ్రంథానికి ముప్పై భాగాలు, మేం పారాలంటాం. దానికి పన్నెండేళ్లు వచ్చేసరికి ఇరవై ఎనిమిది పారాలు నా దగ్గరే అయ్యాయి. మిగిలినవి రెండు. మా వైపు పిల్ల చివరి పాఠం చదివే రోజు చిన్నపాటి పండగ. కొత్త బట్టలు వేసి గురువు ఎదురుగా కూర్చోబెడతారు. నా చివరి పాఠం మా ఊరి మసీదులో చదువు చెప్పే హజరత్ విన్నాడు. మా అమ్మకి అరబీ రాదు. తలుపు వెనక నిలబడి వింది. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "బాగానే చదివావా?" అని నన్నే అడిగింది. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. నాకంటూ కూతురు పుడితే దాని చివరి పాఠం నేనే ఎదురుగా కూర్చుని వినాలనుకున్నాను. అది బాగా చదివిందో లేదో ఎవర్నీ అడగక్కర్లేకుండా నాకే తెలియాలి. ఈ జన్మకి నేను గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే.

ఆ రెండు పారాలు మిగిలి ఉండగా జావా ఆవిడ వచ్చింది.

భర్త ఉద్యోగం మారి కుటుంబంతో డాలస్ వైపు వచ్చారు. నా ఈడుదే. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, ఎప్పుడూ నవ్వు రావడానికి సిద్ధంగా ఉండే నోరు. తూర్పు జావాలో పదకొండేళ్లప్పుడు పెసంత్రెన్‌లో చేరిందట. పెసంత్రెన్ అంటే అక్కడి మత పాఠశాల. తిండీ, పడకా, చదువూ అన్నీ గురువుగారి ఆవరణలోనే. తొమ్మిదేళ్లు అక్కడ ఉండి చదువుకుంది.

ఒక ఆదివారం నమాజు అయ్యాక ఆడవాళ్లు ఆమెను నాలుగు మాటలు చెప్పమన్నారు. మా మసీదులో ప్రసంగమంటే వినేవాళ్లు తప్పు చేసినట్టు తలలు వంచుకుని కూర్చోవాలి. ఈవిడ మైకు తీసుకుని, తన బడిలో నూటయాభై మంది ఆడపిల్లలకు ఆరు స్నానాల గదులు ఉండేవని మొదలుపెట్టింది. తెల్లవారకముందే బకెట్ల వరుస. మనుషులు పడుకునే ఉంటారు, బకెట్లు మాత్రం క్యూలో నిలబడతాయి. ఒకరోజు ఈవిడ తన బకెట్‌ని ముందుకు జరిపింది. పట్టుబడింది. శిక్షగా వారం రోజులు అందరి బకెట్లూ నింపింది. అక్కడి నుంచి సహనం గురించి, అక్కడి నుంచి దేవుడి ముందు మన వంతు గురించి, ఎక్కడ మలుపు తిప్పిందో తెలియకుండా తిప్పింది. వచ్చీరాని ఇంగ్లిష్. అయినా ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు, చివర్లో ఏడ్చారు. అప్పుడు ఒక పాట ఎత్తుకుంది. వాళ్ల ఊళ్లలో అజాన్‌కీ నమాజుకీ మధ్య జనం వచ్చేదాకా మసీదులో ఇలాగే పాడుతూ కూర్చుంటారట, సొంత భాషలో. నన్ను కన్వర్ట్ అయ్యావా అని అడిగిన ఆంటీ ఆమెను వాటేసుకుని దుపట్టాతో కళ్లు తుడుచుకుంది. పద్నాలుగేళ్లుగా నేను ఆ ఆంటీకి బిర్యానీలో ఉల్లిపాయలు కోసిపెడుతున్నాను. ఒక్కసారి వాటేసుకున్న పాపాన పోలేదు. ఒళ్లు మండిపోయింది.

నెల తిరక్కుండా పెద్ద పిల్లల క్లాసుని కమిటీ ఆమెకిచ్చింది. నా కూతురు అందులోకి వెళ్లింది.

ఆమె పద్ధతి వేరు. ఒక్కొక్క పిల్లా విడిగా వచ్చి ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చుని చదవాలి. మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి. తర్వాత ఒక చిన్న అరబీ పుస్తకం, గురువు దగ్గర శిష్యులు ఎలా మెలగాలో చెప్పేది. ప్రతి అరబీ మాట కింద దాని అర్థం చిన్న అక్షరాలతో ఏటవాలుగా, మాటకి వేలాడదీసినట్టు రాసుకోవాలి. వాళ్ల బడిలో జావా భాషలో వేలాడదీస్తారు. ఇక్కడ పిల్లలకి ఆమె చెప్పింది, మీ ఇంటి భాషలో రాయండి, మీ అమ్మ అన్నం తినమని ఏ భాషలో పిలుస్తుందో ఆ భాషలో. దాంతో ఇంట్లో నాకు ప్రశ్నలు మొదలయ్యాయి.

"అమ్మా, హ్యుమిలిటీకి తెలుగులో ఏంటి వర్డ్?"

"గూగుల్ లేదా నీకు?"

"ఇబు గూగుల్ వద్దంది. అమ్మని అడగాలంది."

"అణకువ" అన్నాను. అది తెలుగు రాయలేదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాటని అరబీ కింద వేలాడదీసింది. చూస్తే చక్కగానే ఉంది. కానీ నా నోటి మాట తీసుకెళ్లి ఆవిడ పుస్తకంలో పెట్టుకున్నట్టు అనిపించింది నాకు. ఎంత పిచ్చితనమో నాకూ తెలుసు. అయినా అలాగే అనిపించింది.

ఇబు అన్నది ఆమెను పిల్లలు పిలిచే పిలుపు. ఇండోనేషియాలో టీచర్‌ని అలా పిలుస్తారని నా కూతురు చెప్పింది. అమ్మ అని కూడా అర్థమని చెప్పలేదు. అది నేనే ఫోన్‌లో వెతికి తెలుసుకుని, ఆ రోజంతా దానితో ముక్తసరిగా మాట్లాడాను. ఇంకో రోజు మసీదు గుమ్మం దగ్గర చూశాను, నా కూతురు వంగి ఆవిడ చెప్పులు తీసి, బయటికి వెళ్లేటప్పుడు కాలు నేరుగా దూరేట్టు తిప్పి పెడుతోంది. వాళ్ల బడిలో గురువుకి అలా చేస్తారట. పక్కనే నా చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉంది. దాటుకుని వెళ్లిపోయింది. మా ఇంట్లో తిన్న కంచం సింక్‌లో వేయమంటే మూడుసార్లు చెప్పాలి ఆ పిల్లకి.

ఆ వారమే కారులో అడిగింది. "అమ్మా, లాస్ట్ టూ పారాస్ ఇబు దగ్గర చదువుతా. శాటర్‌డేస్ వాళ్ల ఇంట్లో. ఓకేనా?"

"నీ ఇష్టం" అన్నాను.

మా అమ్మ ఆ గొంతుతో నీ ఇష్టం అంటే మేం అక్కడికక్కడే ఆగిపోయేవాళ్లం. అమెరికాలో పెరిగిన పిల్ల, ఇష్టమంటే ఇష్టమే అనుకుంది. థాంక్స్ అమ్మా అని ఫోన్ తీసి ఆవిడకి మెసేజ్ పెట్టేసింది.

ప్రతి శనివారం నేనే డ్రైవ్ చేసి ఆమె అపార్ట్‌మెంట్ ముందు దింపేదాన్ని. కారు మాత్రం దిగేదాన్ని కాదు. ఆమె రెండో అంతస్తు బాల్కనీలోకి వచ్చి, పైకి రమ్మని చేత్తో పిలిచేది. నేను టైము లేదన్నట్టు చేతి గడియారం చూపించి రివర్స్ చేసేదాన్ని. తర్వాత గంటసేపు టార్గెట్ షాపులో అక్కర్లేని తువ్వాళ్లు చూస్తూ తిరిగేదాన్ని. ఇరవై తొమ్మిదో పారా అయిపోయింది. ఇంకొక్కటే మిగిలింది.

అప్పుడు రంజాన్ వచ్చింది. ఒక సాయంత్రం మసీదు వంటింట్లో ఇఫ్తార్‌కి పళ్లు కోస్తున్నాం, ఆంటీ, నేను. బయట హాల్లో ఆవిడ పిల్లలతో ఆ జావా పాట పాడిస్తోంది. అన్ని గొంతుల్లో నా కూతురి గొంతు నాకు విడిగా వినిపించింది. పుచ్చకాయ మీద నుంచి తల ఎత్తకుండా ఆంటీతో అన్నాను.

"అజాన్ తర్వాత ఇలా పాడటం మన దాంట్లో ఉందా ఆంటీ? నాకు తెలియక అడుగుతున్నా."

నాకు తెలుసు. ఆ ప్రశ్న ఎంత పని చేస్తుందో నాకు తెలిసినంతగా ఆ వంటింట్లో ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ పిల్లల్ని ఉయ్యాల్లో వేసేటప్పుడు ప్రవక్త గురించి తెలుగులో పాడేది. ఊరంతా పిలిచేవారు. ఒకసారి పట్నం నుంచి మతబోధకులు వచ్చి మా వరండాలో కూర్చుని, చాలా మర్యాదగా, సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు. ఇది మన దాంట్లో ఉందా అమ్మా అని. నాయనమ్మ ఎందుకొచ్చిన గొడవలే అని, ఆ తర్వాత పాడలేదు. ఆమె చచ్చిపోయాక చూస్తే ఆ పాటలు మా ఇంట్లో ఎవరికీ రావు.

ఆంటీ కత్తి ఆపింది. "నేనూ అదే అనుకుంటున్నా" అంది. అనుకోలేదని నాకు తెలుసు. నేను అడిగాకే అనుకుంది.

పండగ వెళ్లిన వారానికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. వాలంటీర్ షెడ్యూల్ మార్పు కారణంగా పెద్ద పిల్లల క్లాసు ప్రస్తుతానికి ఆపుతున్నాం, ఆ పిల్లల బాధ్యత కూడా నన్నే చూడమని. అందులో పాటల మాట లేదు, వంటింట్లో నేను అడిగిన ప్రశ్న మాటా లేదు. మసీదు వద్దన్నాక మసీదు పిల్లలకు ఇంట్లో చెప్పడం మర్యాద కాదని ఆమె శనివారాలు కూడా మానేసింది. నేను సిగ్గుపడ్డానని రాయాలి ఇక్కడ. అబద్ధమవుతుంది. ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

మర్నాడు నా కూతుర్ని పిలిచి, చివరి పారా మనింట్లోనే చదువుకుందాం రా అన్నాను. రాలేదు.

"ఇబు పర్మిషన్ అడగాలి అమ్మా. మధ్యలో టీచర్ మారితే ఫస్ట్ టీచర్‌ని అడిగి వెళ్లాలి. బుక్‌లో ఉంది."

"మొదటి టీచర్ని నేనే కదే."

 వారం చూశాను, రెండు వారాలు చూశాను. గ్రంథానికి చుట్టిన గుడ్డ విప్పనైనా లేదు. కొట్టి చదివించే చదువు కాదు కదా. చివరికి, సరే, అడుగుదాం పద అని నేనే కారు తీశాను. ఈసారి దిగాను.

ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి నిజంగా సంబరపడింది. కార్పెట్ మీద కూర్చోబెట్టి, చక్కెర ఎక్కువ వేసిన టీ ఇచ్చింది. నా కూతురు ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ దగ్గర చివరి పారా చదువుకోవడానికి అనుమతి అడిగింది. ఆవిడ దాన్ని కాదు, నన్ను చూసింది.

"అనుమతి నేను ఇచ్చేది కాదు. నేను మీ అమ్మాయికి గురువుని కాను" అంది తన ఇంగ్లిష్‌లో.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పదకొండేళ్లప్పుడు వాళ్ల నాన్న ఒక రేకు పెట్టె, ఒక బియ్యం మూట నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి తనని బడికి తీసుకెళ్లాడట. గురువుగారి ముందు కూర్చుని, కూతురి చెయ్యి పట్టుకుని, ఈ పిల్లని మీకు అప్పగిస్తున్నాను, నేర్పండి, తప్పు చేస్తే దండించండి అని చెప్పి, చెయ్యి వదిలేసి వెళ్లిపోయాడట. తల్లో తండ్రో ఆ మాట చెబితేనే గురువు గురువవుతారు. చెప్పకపోతే, వచ్చిన పిల్లకి పాఠం వింటారంతే.

"మీరు వచ్చి చెబుతారని ప్రతి శనివారం టీ పెట్టి ఉంచేదాన్ని. మీరు పైకి రాలేదు. నాకు అర్థమైంది, మీకు ఇవ్వడం ఇష్టం లేదని. తప్పేం లేదు. నేనైనా ఇవ్వను. ఇన్నాళ్లూ నేను పాఠం విన్నాను. ఆమె గురువు మీరే."

అంటే నా చేతిలోంచి ఏదీ పోలేదు. పోకుండానే ఇంత చేశాను. ముందు సంతోషం వేసింది, కాదనను. లేచి పిల్లని తీసుకుని వచ్చేయవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. చివరి పాఠం నాదే.

లేవబోతుంటే ఆవిడ అంది, "పాటల వల్లేనని కమిటీవాళ్లు నాకు విడిగా చెప్పారు. క్లాసు పోవడానికి తప్పు నాదే. ఈ ఊరి పద్ధతి కనుక్కోకుండా పాడాను. ఇప్పుడు ఇంట్లో కూడా పాడటం లేదు. అలవాటు తప్పించుకుంటే మంచిది కదా."

మామూలుగానే అంది. బాధపడుతున్నట్టు కూడా లేదు. మా వరండాలో నాయనమ్మ కూడా అంత మామూలుగానే అంది. నేను మళ్లీ కూర్చున్నాను. ఆ మనిషి మీద నాకు ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. నా తప్పు కూడా తనే తీసేసుకుంటోంది. అది కూడా నాకు మిగల్చడం లేదు.

"అయితే ఇవాళ అప్పగిస్తాను" అన్నాను.

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. కాసేపు నా మొహం చూసి, "మీ భాషలో చెప్పండి. మా నాన్న జావా భాషలోనే చెప్పాడు. ఇంగ్లిష్ ఆఫీసుల కోసం" అంది.

నా కూతురి చెయ్యి పట్టుకున్నాను. మావైపు పెళ్లిలో తప్ప ఆడపిల్లని అప్పగించడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్న మనిషికి తెలుగు రాదన్న ధైర్యంతో నోరు విప్పాను. పక్కనున్న పిల్లకి వచ్చని తెలుసు. అయినా ఆగలేదు.

"ఈ పిల్లని మీకు అప్పగిస్తున్నానమ్మా. నేర్పండి. తప్పు చేస్తే తిట్టండి. ఆ పాటల సంగతి ఆంటీ చెవిన వేసింది నేనే. నా పిల్ల మీ దగ్గర చదువుతుంటే ఓర్వలేక వేశాను. ఇప్పుడు కూడా ఓర్వలేకపోతున్నాను. అయినా అప్పగిస్తున్నాను. చివరి పాఠం మీరే వినండి."

నా చేతిలో నా కూతురి చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది.

ఆవిడ దాన్ని అడిగింది, "అమ్మ ఏమన్నారు?"

మొదటి రెండు మాటలు చెప్పి ఊరుకోవచ్చు అది. ఫోన్‌లో వాళ్ల అమ్మమ్మకీ నాకూ మధ్య ఎన్నోసార్లు అలా మాటలు కత్తిరించి చెప్పిన పిల్లే. నేను దాని వైపు ఆశగా చూశానేమో కూడా. అది నన్ను చూడలేదు. కార్పెట్ వైపు చూస్తూ ఇంగ్లిష్‌లో ఒక్కొక్క ముక్కా చెప్పుకొచ్చింది. అప్పగిస్తున్నాననీ, తిట్టమనీ, ఆంటీకి చెప్పింది నేనేననీ. అక్కడ ఆగి, మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఓర్వలేక అంటే జెలస్, అంతే కదా అమ్మా?"

"అంతే" అన్నాను.

మిగతాది కూడా చెప్పింది.  నవ్వు రావడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆవిడ మొహంలో నవ్వు లేదు. నన్ను క్షమించానని అనలేదు. నా వైపు చూడకుండానే, నా చేతిలోంచి నా కూతురి చెయ్యి తీసుకుని, "మొదలుపెట్టు" అంది.